కర్ణాటక సంగీతం: మూల భావనలు, పరిభాష

దక్షిణ భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలలో ప్రచారంలో ఉన్న శాస్త్రీయ సంగీత పద్ధతికి కర్ణాటక సంగీతమని పేరు. ఉత్తరాది హిందుస్థానీ పద్ధతికీ దీనికీ మూలాలు ఒకటే కావడం వల్ల, భరతుడి నాట్యశాస్త్రాన్నీ, 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరాన్నీ రెండు పద్ధతులవారూ ప్రమాణాలుగానే చెప్పుకొంటారు. ఈ విద్యలో విద్వాంసులు పాడుతున్న, వాయిస్తున్న సంగీతాన్ని లక్ష్యమనీ, దానిని పరిశీలించి నిర్వచించి వర్గీకరించిన శాస్త్రాన్ని లక్షణమనీ పిలవడం పరిపాటి. లక్షణం సాధారణంగా లక్ష్యం వెంటనే నడిచింది గాని, కొన్ని సందర్భాలలో దానిని దాటి వెళ్లి, అప్పటికి ఎవరూ పాడని స్వరక్రమాలకూ ఎవరూ వేయని తాళాలకూ కూడా పేర్లు పెట్టింది. అందుచేత పరిభాష నేర్చుకొనే విద్యార్థి ఒక్కొక్క పదం దగ్గర, అది పాటలో వినబడే విషయాన్ని చెబుతున్నదా, లెక్కలో కుదిరే విషయాన్ని చెబుతున్నదా అని గమనించుకోవడం అవసరం.

నాదం, శ్రుతి

చెవికి ఇంపుగా, నిలకడగా వినబడే ధ్వని నాదం. శాస్త్రకారులు దీనిని ఆహతం, అనాహతం అని రెండు విధాలుగా చెప్పారు. మనిషి ప్రయత్నం వల్ల, అంటే తీగను మీటడం, గాలిని ఊదడం, చర్మవాద్యాన్ని తట్టడం, గొంతెత్తడం వంటి క్రియల వల్ల పుట్టేది ఆహత నాదం కాగా, అటువంటి ప్రయత్నం లేకుండా యోగులకు మాత్రమే అనుభవంలోకి వస్తుందని చెప్పేది అనాహతం. సంగీత విద్యార్థికి పని ఉన్నది మొదటిదానితోనే.

శ్రుతి అనే పదానికి వాడుకలో రెండు అర్థాలు ఉన్నాయి, వీటిని కలిపివేయడం వల్లనే ప్రారంభ విద్యార్థులకు చాలా గందరగోళం కలుగుతుంది. మొదటి అర్థంలో శ్రుతి అంటే గాయకుడు తన గొంతుకు అనువుగా ఎంచుకొని ఆధారంగా నిలుపుకొనే షడ్జం. కర్ణాటక పద్ధతిలో షడ్జానికి అందరికీ వర్తించే స్థిరమైన స్థానం లేదు. ఎవరి గొంతు ఎక్కడ సుఖంగా మంద్రానికి దిగి తారానికి ఎక్కగలదో అక్కడ వారి షడ్జం నిలుస్తుంది. హార్మోనియం మెట్లను బట్టి దీనిని ఒకటో శ్రుతి, ఒకటిన్నర శ్రుతి, ఐదు శ్రుతి అని లెక్కించే అలవాటు విద్వాంసులలో ఉన్నది. పురుషులు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతుల మధ్య, స్త్రీలు ఐదు, ఐదున్నర ప్రాంతంలో పాడుతారు. ఈ ఆధారాన్ని కచేరీ పొడుగునా వినిపిస్తూ ఉండే వాద్యం తంబురా. దాని నాలుగు తీగలలో మొదటిది మంద్ర పంచమానికి, నడిమి రెండూ మధ్య షడ్జానికి, చివరిది మంద్ర షడ్జానికి శ్రుతి చేయబడతాయి. గుర్రం మీద తీగ ఆనే చోట తీగకింద సన్నని నూలుపోగు పెట్టి, దానిని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ ఉంటే ఒకచోట తీగ ఒక్కసారిగా గలగలమని పలుకుతుంది; ఆ పోగునే జీవ లేదా జీవాళి అంటారు. జీవ చక్కగా కుదిరిన తంబురాలో మంద్ర షడ్జపు తీగనుంచి, ఎవరూ మీటకుండానే, అంతర గాంధారం తనంత తానుగా వినబడుతుంది. దానిని స్వయంభూ గాంధారమని పిలుస్తారు. తీగ మొత్తంగా కంపిస్తూనే ఐదు సమభాగాలుగా కూడా కంపించడం దీనికి కారణం. ఇప్పుడు చాలామంది శ్రుతి పెట్టెతోనో, చేతి ఫోనులోని తంబురాతోనో సాధన చేస్తున్నారు. అందులో తప్పు లేదు గాని, స్వయంగా తీగను శ్రుతి చేసుకొనే పని తప్పిపోవడం వల్ల చెవికి అందవలసిన ఒక శిక్షణ తగ్గిపోతున్నది.

రెండవ అర్థంలో శ్రుతి అంటే చెవి గుర్తుపట్టగల సూక్ష్మమైన స్వరభేదం. ఒక స్థాయిలో ఇవి 22 అని భరతుడి కాలంనుంచి చెబుతున్నారు. షడ్జ, మధ్యమ, పంచమాలకు నాలుగేసి, రిషభ, ధైవతాలకు మూడేసి, గాంధార, నిషాదాలకు రెండేసి వంతున ఆ 22ను పంచడం షడ్జ గ్రామమనే ప్రాచీన పద్ధతి. ఈ 22 స్థానాలను నేడు ఎవరూ విడివిడిగా వరుసబెట్టి పాడరు. అయినా ఒకే పేరుగల రిషభం ఒక రాగంలో కాస్త దిగి, మరొక రాగంలో కాస్త ఎగసి పలకడం అనుభవంలో ఉన్న విషయమే కాబట్టి, సంఖ్య మీద వాదం ఉన్నా భావన మాత్రం నిలిచి ఉంది.

స్వరాలు, స్వరస్థానాలు

షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం అనేవి సప్తస్వరాలు. వీటినే స, రి, గ, మ, ప, ద, ని అని సంకేతాక్షరాలతో పాడుతారు. ధైవతాన్ని రాసేటప్పుడు 'ధ' అన్నా పాడేటప్పుడు 'ద' అనే పలుకుతారు. షడ్జ పంచమాలకు మార్పు లేదు కనుక అవి ప్రకృతి స్వరాలు. మిగిలిన ఐదింటికీ హెచ్చుతగ్గు భేదాలు ఉండడం వల్ల అవి వికృతి స్వరాలు. ఈ ఐదు రెండేసి స్థానాలు కలిగి పది అవుతాయి, షడ్జ పంచమాలతో కలిసి ఒక స్థాయిలో మొత్తం 12 స్వరస్థానాలు ఏర్పడతాయి. వీణ మీద ఈ లెక్క కంటికే కనబడుతుంది: 24 మెట్లు రెండు స్థాయిలకు సరిపోతాయి, ప్రతి మెట్టూ ఒక స్వరస్థానం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ ఒక్కదానినే తొలిచి తయారుచేసే ఏకాండి వీణలకైనా, విడి భాగాలు అతికి చేసే వీణలకైనా ఈ మెట్ల లెక్క ఒకటే.

స్థానాలు 12 అయినా పేర్లు మాత్రం 16. రిషభానికి శుద్ధ, చతుశ్శ్రుతి, షట్శ్రుతి అని మూడు పేర్లు, గాంధారానికి శుద్ధ, సాధారణ, అంతర అని మూడు పేర్లు ఉన్నాయి; వీటిలో చతుశ్శ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే స్థానంలోనూ, షట్శ్రుతి రిషభమూ సాధారణ గాంధారమూ మరొక స్థానంలోనూ పలుకుతాయి. ధైవత నిషాదాల సంగతీ ఇంతే: శుద్ధ, చతుశ్శ్రుతి, షట్శ్రుతి ధైవతాలు, శుద్ధ, కైశికి, కాకలి నిషాదాలు నాలుగు స్థానాలలో సర్దుకుంటాయి. మధ్యమాలు శుద్ధ, ప్రతి అని రెండే. ఒక స్థానానికి రెండు పేర్లు ఎందుకంటే, ఒక రాగంలో రి తరువాత గ అనే క్రమం చెడకుండా పాడుకోవడానికి. చలనాట రాగంలో సాధారణ గాంధార స్థానం, అంతర గాంధార స్థానం రెండూ వస్తాయి. రెండింటినీ 'గ' అనలేరు కాబట్టి మొదటిది షట్శ్రుతి రిషభమవుతుంది. ఇలా పక్కపక్కనే ఉన్న స్థానాలను ఇరికించే స్వరాలకు వివాది స్వరాలని పేరు.

షడ్జానికి మిగిలిన స్వరాలకు మధ్య సంబంధం కొలతకు అందేదే. షడ్జం సెకనుకు 240 కంపనాలతో పలికితే పంచమం 360తో, శుద్ధ మధ్యమం 320తో, అంతర గాంధారం 300తో, తారస్థాయి షడ్జం 480తో పలుకుతాయి; అంటే ఈ నిష్పత్తులు వరుసగా 3:2, 4:3, 5:4, 2:1. నిష్పత్తి ఎంత సరళంగా ఉంటే రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు అంత పొందికగా వినబడతాయి, దానినే సంవాదిత్వం అంటారు. షడ్జంనుంచి తార షడ్జం దాకా ఉన్న పరిధి స్థాయి. గొంతుకు సహజమైనది మధ్యస్థాయి, దాని కింద మంద్రం, పైన తారం. అనుమంద్రం, అతితారం వాద్యాలకే గాని గొంతుకు సాధారణంగా అందవు.

మేళకర్తలు

రాగాలను వాటిలోని స్వరస్థానాల ప్రకారం కుటుంబాలుగా చేర్చే ఆలోచనకు మేళ పద్ధతి అని పేరు. విజయనగర ప్రభువు అళియ రామరాయల కోరికపై రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి ఈ దారిలో ముఖ్యమైన గ్రంథం. అందులో ఆయన తనకాలపు రాగాలను 20 మేళాల కింద సర్దాడు. తరువాత తంజావూరు నాయకరాజుల కాలంలో, 17వ శతాబ్దంలో, గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో పూర్తిగా వేరే మార్గం పట్టాడు. ఆయన వాడుకలో ఉన్న రాగాలనుంచి మొదలుపెట్టకుండా, స్వరస్థానాలు ఎన్ని విధాలుగా కలవగలవో లెక్కవేసి 72 మేళాలు సాధ్యమని తేల్చాడు. అందులో ఒకటి పెంచడం గాని తగ్గించడం గాని పరమశివుడికైనా సాధ్యం కాదని గర్వంగా చెప్పుకొన్నాడు కూడా. ఆయన కాలంలో వాడుకలో ఉన్నవి అందులో 19 మాత్రమే. ఖాళీగా మిగిలిన 53 గళ్లలో చాలావాటిని తరువాతి వాగ్గేయకారులు నింపారు. త్యాగరాజ, ముత్తుస్వామి దీక్షితుల రచనలలో అంతకుముందు లక్ష్యం లేని రాగాలు ఎన్నో కనబడడానికి ఈ పట్టికే ఆధారం. లక్షణం ముందు నడిచి లక్ష్యానికి దారి తీసిన అరుదైన సందర్భం ఇది.

లెక్క ఇలా సాగుతుంది. రిషభ గాంధారాలు జంటగా ఆరు విధాలుగా కలుస్తాయి, ధైవత నిషాదాలు కూడా ఆరు విధాలుగానే; ఆరును ఆరుతో హెచ్చిస్తే 36. శుద్ధ మధ్యమంతో 36, ప్రతి మధ్యమంతో మరొక 36, మొత్తం 72. ఆరేసి మేళాలను ఒక చక్రంగా కూర్చి, ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య అని 12 చక్రాలకు పేర్లు పెట్టారు. ఒకటే చంద్రుడు, రెండు నేత్రాలు, మూడు అగ్నులు అన్నట్టుగా పేరే చక్ర సంఖ్యను చెబుతుంది. చక్రం మారితే రిషభ గాంధారాలు మారతాయి, చక్రం లోపల మేళం మారితే ధైవత నిషాదాలు మారతాయి.

మేళం పేరునుంచే సంఖ్యను రాబట్టడానికి కటపయాది సూత్రం ఉపయోగపడుతుంది. క, ట, ప, య అక్షరాలతో మొదలయ్యే వరుసలలో ఒక్కొక్క హల్లుకు ఒకటినుంచి అంకెలు వేసి, పేరులోని మొదటి రెండు అక్షరాల అంకెలను తారుమారు చేస్తే సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మా అంటే ప వరుసలో 5, యా అంటే య వరుసలో 1, ఆ 51ని తిప్పితే 15. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిప్పితే 29. మేచకల్యాణిలో మే 5, చ 6, తిప్పితే 65. చివరి రెండు సంఖ్యల తేడా సరిగ్గా 36 కావడం గమనార్హం: శంకరాభరణంలోని శుద్ధ మధ్యమాన్ని ప్రతి మధ్యమంగా మారిస్తే కల్యాణి వస్తుంది, మిగిలిన స్వరాలన్నీ అవే. 15వదైన మాయామాళవగౌళకు అదే మార్పు చేస్తే 51వది కామవర్ధని. ఈ పేర్లకు ముందు 'ధీర', 'మేచ' వంటి పదాలు కొన్ని సూత్రం కుదరడం కోసమే చేర్చినవి; కచేరీలో ఎవరూ మేచకల్యాణి పాడుతున్నామని చెప్పరు.

ఈ 72 మేళాలలో వివాది స్వరాలు ఉన్నవి 40. కొందరు విద్వాంసులు వాటిని దోషమని దూరం పెట్టగా, అన్ని మేళాలలోనూ కృతులు రచించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) వంటివారు వాటిని నిస్సంకోచంగా పాడారు. మేళాల పేర్లలో కూడా రెండు సంప్రదాయాలు ఉన్నాయి. గోవిందాచార్యుడి సంగ్రహ చూడామణిని అనుసరించి కనకాంగితో మొదలయ్యేది ఆరోహణ అవరోహణలు రెండింటిలోనూ ఏడు స్వరాలు క్రమంగా ఉండాలనే సంపూర్ణ మేళ పద్ధతి. ముత్తుస్వామి దీక్షితుల పరంపర పాటించిన, కనకాంబరితో మొదలయ్యే పట్టికకు ఆ నియమం లేదు.

రాగం

మేళం స్వరాల పట్టిక మాత్రమే. రాగం అంతకంటె భిన్నమైనది. కొన్ని స్వరాలు ఒక నిర్ణీతమైన నడకతో, కొన్ని విశిష్టమైన ప్రయోగాలతో, తగిన గమకాలతో కలిసి వినేవారి మనసులో ఒక స్వరూపాన్ని నిలిపితే దానిని రాగమంటారు. మేళకర్తను జనకమనీ, దానినుంచి పుట్టినట్టు చెప్పే రాగాలను జన్యాలనీ వ్యవహరిస్తారు గాని, ఈ 'పుట్టుక' వర్గీకరణ సౌకర్యం కోసం చెప్పినదే. 28వ మేళమైన హరికాంభోజికి జన్యమని చెప్పే కాంభోజి చరిత్రలో దానికంటె చాలా ముందుది.

స్వరాలు పైకి సాగే క్రమం ఆరోహణ, కిందికి దిగే క్రమం అవరోహణ. ఏడు స్వరాలూ ఉంటే సంపూర్ణం, ఆరు ఉంటే షాడవం, ఐదు ఉంటే ఔడవం; విడిచిన స్వరం వర్జ్యం. స్వరాలు వరుస తప్పి వంకరగా నడిస్తే అది వక్ర రాగం. జనక మేళంలోని స్వరాలే వాడితే ఉపాంగం, బయటినుంచి అన్యస్వరం వచ్చి చేరితే భాషాంగం; కాంభోజిలో అక్కడక్కడ తొంగిచూసే కాకలి నిషాదం, భైరవి ఆరోహణలో వచ్చే చతుశ్శ్రుతి ధైవతం ఇందుకు తెలిసిన ఉదాహరణలు. రాగానికి ఐదు స్వరాలైనా ఉండాలన్న పాత నియమాన్ని బాలమురళీకృష్ణ నాలుగేసి స్వరాలతో మహతి, లవంగి రాగాలను కల్పించి పక్కకు నెట్టారు. అవి రాగాలా కావా అనే చర్చ చాలాకాలం నడిచింది.

స్వరాల లెక్కతో రాగం రాదనడానికి ఆరభి, దేవగాంధారి మంచి నిదర్శనం. రెండింటికీ ఆరోహణ స రి మ ప ధ స, అవరోహణ స ని ధ ప మ గ రి స. రెండూ 29వ మేళానికి చేరినవే. కాగితం మీద వీటికి తేడా లేదు. ఆరభిని మధ్యమకాలంలో, స్వరాలను ఎక్కువ ఊపకుండా, చురుకుగా నడిపిస్తారు. త్యాగరాజు పంచరత్న కృతులలో మూడవది ఈ రాగంలోనిదే. దేవగాంధారిని నిదానంగా, గాంధారం మీద నిలిచి ఊగుతూ పాడుతారు. ఆరభి పాడుతూ కాలాన్ని సాగదీసి గాంధారాన్ని ఊపితే రాగం చెడినట్టే.

స్వరాన్ని ఇలా ఊపడం, జార్చడం, తాకి విడవడం వంటి క్రియలకు గమకాలని పేరు. శార్ఙ్గదేవుడు 15 గమకాలు చెప్పగా, తరువాతివారు దశవిధ గమకాలని లెక్కించారు. కంపితం, స్ఫురితం, జారు అనేవి విద్యార్థికి మొదట పరిచయమయ్యేవి. గమకం స్వరానికి పైన వేసే అలంకారమని చాలా పుస్తకాలు రాస్తాయి గాని అది అసంపూర్తి మాట. తోడి రాగంలోని సాధారణ గాంధారం తన స్థానంలో దాదాపు నిలవనే నిలవదు. రిషభంవైపు, మధ్యమంవైపు ఊగుతూ ఆ ఊపులోనే అది గాంధారమని తెలుస్తుంది. ఊపును తీసివేసి హార్మోనియం మీద 8వ మేళం స్వరాలను వరుసగా నొక్కితే స్వరాలన్నీ సరిగానే వస్తాయి, తోడి మాత్రం రాదు. 1940లో రేడియోలో హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాలలో గమకం పలకలేకపోవడం ఒకటి. వయొలిన్ ఈ పద్ధతిలో సులభంగా ఇమిడిపోవడానికి కారణం దాని తీగ కింద మెట్లు లేకపోవడమే. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) దానిని పక్కవాద్యంగానే కాక సోలో వాద్యంగా కూడా నిలబెట్టాడు.

రాగంలో తరచుగా వచ్చి దాని స్వరూపాన్ని నిలిపేది అంశ స్వరం లేదా జీవ స్వరం, సంచారాన్ని ఎత్తుకొనేది గ్రహ స్వరం, ముగించేది న్యాస స్వరం. ఆధార షడ్జాన్ని మార్చి చూడడం గ్రహభేదం. మోహన స్వరాలను (స రి గ ప ధ) మార్చకుండా వాటిలోని రిషభాన్ని షడ్జంగా భావిస్తే మధ్యమావతి, గాంధారాన్ని భావిస్తే హిందోళం, పంచమాన్ని భావిస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని భావిస్తే శుద్ధ ధన్యాసి వస్తాయి. చెవికి ఇంతకంటె మంచి వ్యాయామం లేదు. అయితే తంబురా పాత షడ్జాన్నే వినిపిస్తూ ఉండగా కచేరీలో ఇది చేయడం ప్రౌఢులకే తగిన పని.

తాళం, లయ

కాలం సమానమైన నడకతో సాగడం లయ. ఆ నడకను చేతి క్రియలతో కొలిచే పద్ధతి తాళం. లయ విళంబం, మధ్యమం, ద్రుతం అని మూడు విధాలు. తాళంలో ఒక లెక్క అక్షరకాలం, తాళం ఒక చుట్టు పూర్తికావడం ఆవర్తనం. వాడుకలో ఉన్న మూడు అంగాలలో అనుద్రుతం ఒక దెబ్బ, ఒక అక్షరం. ద్రుతం ఒక దెబ్బ, ఒక ఉసి, అంటే చేతిని వెల్లకిలా తిప్పడం, రెండక్షరాలు. లఘువు ఒక దెబ్బ వేసి చిటికెన వేలినుంచి వేళ్లు లెక్కించడం. లఘువు పొడవు జాతిని బట్టి మారుతుంది: తిశ్రంలో 3, చతురశ్రంలో 4, ఖండంలో 5, మిశ్రంలో 7, సంకీర్ణంలో 9.

ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక అనే సప్తతాళాలను ఐదు జాతులతో హెచ్చిస్తే 35 తాళాలు, వాటిని మళ్లీ ఐదు గతులతో హెచ్చిస్తే 175. పుస్తకాలలో ఈ సంఖ్యలకు ఇచ్చినంత చోటు వాడుకలో లేదు. కృతులలో అత్యధిక భాగం ఆది, రూపకం, మిశ్ర చాపు, ఖండ చాపు అనే నాలుగింటిలోనే ఉన్నాయి. ఆదితాళమంటే చతురశ్ర జాతి త్రిపుట: ఒక లఘువు, రెండు ద్రుతాలు, మొత్తం 8 అక్షరాలు. చాపు తాళాలు సప్తతాళాల చట్రంలో లేవు. మిశ్ర చాపు 3, 4గా విరిగే 7 లెక్కలది, ఖండ చాపు 2, 3గా విరిగే 5 లెక్కలది. ఒక అక్షరాన్ని లోపల ఎన్ని మాత్రలుగా విడగొడతామో అది గతి. సాధారణమైన చతురశ్ర గతిలో ఆది ఆవర్తనానికి 32 మాత్రలు, తిశ్ర గతిలో 24. తకిట, తకధిమి, తకతకిట వంటి సొల్లులు ఈ మాత్రలను నోటితో లెక్కించుకోవడానికే.

పాట ఆవర్తనంలో ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు ఎత్తుగడ. తాళంతోపాటే మొదలైతే సమ గ్రహం. తాళం మొదలై కొంత గడిచాక పాట వస్తే దానిని అనాగత గ్రహమనీ, పాట ముందే అందుకొంటే అతీత గ్రహమనీ అభ్యాస గ్రంథాలు చెబుతాయి. మృదంగ విద్వాంసుడు తీర్మానం (ముగింపు) వేసేటప్పుడు ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చిన్న ఉదాహరణతో చూడవచ్చు. ఐదు మాత్రల 'తదిగిణతొం' జతిని మూడుసార్లు, మధ్యలో ఒక్కొక్క మాత్ర విరామంతో పలికితే మొత్తం 17 మాత్రలు. ఆదితాళం 32 మాత్రలలో 15 గడిచిన తరువాత, 16వ మాత్ర మీద దీనిని ఎత్తుకొంటే జతి ముగియగానే తరువాతి ఆవర్తనపు సమం వస్తుంది. ఒక్క మాత్ర ముందో వెనుకో ఎత్తుకొంటే సభలో తాళం వేస్తున్న శ్రోతలందరికీ తెలిసిపోతుంది.

అభ్యాసక్రమం, రచనలు

నేటి పాఠక్రమాన్ని ఏర్పరచినది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. పాఠం మాయామాళవగౌళ రాగంలో, ఆదితాళంలో సరళీ వరుసలతో మొదలవుతుంది. ఈ రాగాన్నే ఎంచుకోవడానికి కారణం దాని అమరిక: స–రి, గ–మ, ప–ధ, ని–స జంటలు దగ్గరగా, రి–గ, ధ–ని జంటలు దూరంగా ఉండి, పూర్వాంగంలో (స రి గ మ) నేర్చినదే ఉత్తరాంగంలో (ప ధ ని స) తిరిగి వస్తుంది. మొదటి వరుసలో ఎక్కి దిగడానికి 16 స్వరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం వంతున రెండు ఆవర్తనాలు, రెండవ కాలంలో ఒక ఆవర్తనం, మూడవ కాలంలో అర ఆవర్తనం పడుతుంది. చేతి వేగం మారకుండా గొంతు వేగం రెట్టింపు కావడమే ఇక్కడ నేర్చుకోవలసిన విషయం. తరువాత జంట వరుసలు, దాటు వరుసలు, సప్తతాళాలలో అలంకారాలు, ఆపైన గీతాలు, స్వరజతులు వస్తాయి.

వర్ణం సాధనకూ సభకూ మధ్య వంతెన. పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం పూర్వాంగం. చరణం, చిట్టస్వరాలు ఉత్తరాంగం. సాహిత్యం తక్కువ, రాగ సంచారాలు ఎక్కువ కావడం వల్ల ఒక్క వర్ణంలో రాగస్వరూపం మొత్తం చేతికందుతుంది. భైరవి రాగంలో, అట తాళంలో పచ్చిమిరియం ఆదియప్ప రచించిన 'విరిబోణి' వర్ణం ఈ విషయంలో నేటికీ కొలబద్దగా ఉంది.

సాహిత్యాన్ని మాతువు, సంగీతాన్ని ధాతువు అంటారు. రెండింటినీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. పల్లవీ, అనేక చరణాలూ గల సంకీర్తన రూపాన్ని విస్తారంగా వాడినవాడు తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503). ఆయన రచనలు తిరుమలలో రాగిరేకుల మీద నిలిచినా, రేకుల మీద రాగాల పేర్లు తప్ప స్వరాలు లేవు కనుక ఈనాడు వినబడే బాణీలలో చాలా భాగం 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చినవి. పల్లవి, అనుపల్లవి, చరణం అనే అంగాలతో, సంగీతానికి ప్రాధాన్యం ఇచ్చే కృతి రూపం త్యాగరాజు (1767–1847), ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి (1762–1827) చేతుల్లో పరిపక్వమైంది. తమిళదేశంలోని తిరువయ్యారులో జీవించిన త్యాగరాజు దాదాపు అన్నీ తెలుగులోనే రచించాడు, శ్యామశాస్త్రి రచనలు కూడా ఎక్కువగా తెలుగువే, దీక్షితులవి ప్రధానంగా సంస్కృతం. ఒకే పాదాన్ని క్రమంగా పెంచుతూ పలు విధాలుగా పాడే సంగతుల పద్ధతిని విస్తృతపరచిన ఖ్యాతి త్యాగరాజుదే. క్షేత్రయ్య పదాలు శృంగార ప్రధానమై విళంబంలో సాగుతాయి. జావళీలు వాటికంటె తేలికైనవి, తిల్లానాలో జతులే ప్రధానం.

ఇవన్నీ ముందే కూర్చినవి కాబట్టి కల్పిత సంగీతం. విద్వాంసుడు అప్పటికప్పుడు అల్లేది మనోధర్మ సంగీతం: తాళం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపన, లయతో ఊగే తానం, సాహిత్యంలో ఒక పాదాన్ని పలు విధాలుగా నింపే నెరవు, స్వరాక్షరాలతో అల్లే స్వరకల్పన. రాగం, తానం, పల్లవి అనే అంశంలో ఇవన్నీ ఒకచోట చేరుతాయి, విద్వాంసుడి సత్తాను తూచేదీ అక్కడే.

స్వరలిపి

తెలుగు స్వరలిపిలో హ్రస్వాక్షరం ఒక మాత్ర, దీర్ఘాక్షరం రెండు మాత్రలు. స్వరం మీద చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రస్థాయి. పైన గీత గీస్తే కాలం రెట్టింపు. సుబ్బరామ దీక్షితులు రచించి 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఇంతటితో ఆగలేదు. ఒక్కొక్క స్వరానికి ఏ గమకం పలకాలో ప్రత్యేక చిహ్నాలతో చూపింది, ముత్తుస్వామి దీక్షితుల కృతులను ఆ చిహ్నాలతోనే నమోదు చేసింది. తరువాత వచ్చిన పాఠ్యపుస్తకాలలో ఎక్కువ భాగం ముద్రణ సౌకర్యం కోసం ఆ చిహ్నాలను వదిలివేసి ఉత్త స్వరాలనే ఇస్తున్నాయి. అటువంటి పుస్తకం చూసి కొత్త కృతిని పాడబోయే విద్యార్థి, ఆ రాగంలో కనీసం ఒక వర్ణాన్నీ రెండు మూడు కృతులనూ గురుముఖంగా నేర్చుకొని ఉండాలి. లేకపోతే ఆరభి ఎక్కడ ముగిసి దేవగాంధారి ఎక్కడ మొదలవుతుందో ఆ పుస్తకం చెప్పలేదు.